లిమోన్‌చెల్లో ఇంట్లో చేసుకోవాలంటే ముందు తొక్క సంగతి చూడండి

ఇటలీలో నేపుల్స్ దాటి కిందికి వెళ్తే సొరెంటో, అమాల్ఫీ, కాప్రి. అక్కడ భోజనం అయ్యాక చిన్న గ్లాసులో పసుపుపచ్చగా, చిక్కగా, పళ్లు జివ్వుమనేంత చల్లగా ఒక తియ్యటి మద్యం తెచ్చి పెడతారు, అదే లిమోన్‌చెల్లో. దీనికి కావలసినవి నాలుగే: నిమ్మతొక్క, ఘాటైన స్పిరిట్, పంచదార, నీళ్లు. పొయ్యి మీద పని పది నిమిషాలు కూడా ఉండదు. ఇంత తేలికైనది అయినా ఇంట్లో చేసినవి చాలావరకు రెండు రకాలుగా పాడవుతుంటాయి. నాలుక మీద పడగానే చేదు తగలడం ఒకటి, వోడ్కాలో పంచదార కలుపుకుని తాగినట్టు నిమ్మ వాసనే లేకపోవడం రెండోది. రెండూ తొక్క దగ్గర జరిగిన పొరపాట్లే. అందుకే ఖరీదైన వోడ్కా కోసం డబ్బులు పెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఆ డబ్బు నిమ్మకాయల మీద పెట్టండి, స్పిరిట్ మామూలుదైనా సరిపోతుంది.

ఇందులో నిమ్మరసం ఒక్క చుక్క కూడా పడదు. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు కానీ నిజం. పులుపు కాదు మనకి కావలసింది, వాసన. ఆ వాసనంతా పైనున్న పసుపు పొరలో, కంటికి చుక్కల్లా కనిపించే సన్నటి నూనె తిత్తుల్లో ఉంటుంది. తొక్కని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మడిచి నొక్కితే సన్నగా చిమ్ముతుందే, అదే ఆ నూనె. అందులో ఎక్కువ భాగం లిమోనిన్ అనే పదార్థం, కొద్దిగా సిట్రాల్ ఉంటుంది, నిమ్మకి నిమ్మ వాసన వచ్చేది ముఖ్యంగా ఆ కొద్దిపాటి సిట్రాల్ వల్లే. నూనె కాబట్టి నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో శుభ్రంగా కరుగుతుంది. పసుపు పొర కింద ఉన్న తెల్లటి మెత్తటి పొరలో ఈ నూనె ఉండదు, చేదు మాత్రం ఉంటుంది. పసుపు రావాలి, తెలుపు రాకూడదు. పనంతా ఇదే.

ముందు కాయలు. అమాల్ఫీ కొండల మీద మెట్లు మెట్లుగా కట్టిన మళ్లలో, చెస్ట్‌నట్ కర్రల పందిళ్ల కింద పెంచే స్ఫుసాతో రకం కాయ పొడుగ్గా, చివర మొనదేలి, తొక్క మందంగా ఉంటుంది. సొరెంటో వైపు కాయ అండాకారంలో ఉంటుంది. ఈ రెండు ప్రాంతాల నిమ్మలకీ యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది, మన బందరు లడ్డూకి ఉన్నట్టే. యూరప్‌లో ఉన్నవాళ్లు ఆ కాయలు దొరికితే కొనండి, కానీ అవే కావాలని ఆగిపోవద్దు. పెద్దగా, గట్టిగా, తొక్క కాస్త గరుగ్గా ఉండి, గోటితో గీరగానే గుప్పుమని వాసన కొట్టే కాయ ఏదైనా పనికొస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి షాపుల్లో దొరికేవి ఎక్కువగా యురేకా, లిస్బన్ రకాలు, రెండూ బాగానే ఉంటాయి. కాలిఫోర్నియాలో చాలామంది తెలుగువాళ్ల పెరట్లో మేయర్ నిమ్మచెట్టు ఉంటుంది కదా, అది కూడా వాడొచ్చు. కాకపోతే దాని తొక్క పలచగా, నున్నగా ఉంటుంది, వాసనలో కమలా ఛాయ ఉంటుంది, కాబట్టి ఘాటైన నిమ్మ వాసన రాదు, మెత్తగా పూల వాసనలా వస్తుంది. నాకైతే సగం మేయర్, సగం యురేకా కలిపితేనే ఇష్టం.

మైనం విషయంలో మాత్రం అశ్రద్ధ చేయొద్దు. షాపు నిమ్మకాయలు అలా నిగనిగలాడేది పైన పూసిన మైనం వల్ల, కొన్నిటికి కోసిన తర్వాత బూజు పట్టకుండా మందు కూడా పూస్తారు. ఇటలీలో అలాంటి కాయల మీద తొక్క తినడానికి పనికిరాదని రాసే పెడతారు. మనం రోజుల తరబడి నానబెట్టేది తొక్కనే కాబట్టి వీలైతే మందు కొట్టని, మైనం పూయని కాయలు తెచ్చుకోండి, చెట్టువి అయితే మరీ మంచిది. మైనం ఉన్నవే దొరికితే వేడినీళ్లు పోసి, మొరటు బ్రష్‌తో రుద్ది, కడిగి, బట్టతో పొడిగా తుడవండి. అలా చేస్తే మైనం పోతుంది గానీ తొక్కలోకి దిగిన మందు పూర్తిగా పోతుందని అనుకోవద్దు, అందుకే కొనేటప్పుడే చూసుకోమనేది.

ఇక ఒలవడం. దీనికి తొందర పనికిరాదు. కూరగాయలు చెక్కే పీలర్, అది కూడా అడ్డంగా బ్లేడు ఉండే రకం అయితే చేతికి వాటంగా ఉంటుంది. కాయని పై నుంచి కిందికి, బరువు వేయకుండా తేలిగ్గా గీయాలి. గట్టిగా నొక్కితే తెల్లపొర కూడా లేచి వస్తుంది. వచ్చిన ముక్కని తిప్పి చూడండి, లోపలి వైపు పసుపు చుక్కలు కనబడుతుంటే సరిగ్గా వచ్చినట్టు, దూదిలా తెల్లగా ఉంటే ఆ ముక్కని పలక మీద బోర్లా పరిచి పలుచని కత్తిని దాదాపు పడుకోబెట్టి ఆ తెలుపుని గీకేయండి. ప్రతి ముక్కా చూడాలి, విసుగ్గానే ఉంటుంది, కానీ ఈ అరగంట కష్టమే తర్వాత ఎవరూ సరిచేయలేని చేదు నుంచి కాపాడుతుంది. సన్నగా తురిమే తురుము పీట వాడితే తెల్లపొర రాకుండా పసుపు మాత్రమే వస్తుంది, నూనె కూడా త్వరగా దిగుతుంది. కాకపోతే ఆ పొడిని వడకట్టడం పెద్ద తలనొప్పి, మూడు నాలుగుసార్లు వడకట్టినా అడుగున మడ్డి తేలుతూనే ఉంటుంది. నా మాట అడిగితే పీలరే. కాయకి రెండు చివర్లా ఉండే ముచ్చికల దగ్గర తొక్క వదిలేయండి, అక్కడ తెలుపు లేకుండా తీయడం కుదరదు.

ఒలిచిన తొక్కల్ని ఎండబెట్టకూడదు, కడగకూడదు, ఫ్రిజ్‌లో దాచకూడదు. ఒలిచినవి ఒలిచినట్టు స్పిరిట్‌లో వేసేయాలి, ఎందుకంటే కోసిన క్షణం నుంచి ఆ నూనె గాలికి ఎగిరిపోతూనే ఉంటుంది.

స్పిరిట్ దగ్గరికి వద్దాం. ఇటలీలో మామూలు సూపర్‌మార్కెట్‌లోనే 95, 96 శాతం ఆల్కహాల్ సీసాలు తాగడానికి పనికొచ్చేవి దొరుకుతాయి, ఇళ్లలో చేసేవాళ్లంతా అదే వాడతారు. ఆల్కహాల్ ఎంత ఎక్కువ ఉంటే నూనె అంత బాగా, అంత త్వరగా దిగుతుంది. అమెరికాలో దీనికి దగ్గరగా దొరికేది ఎవర్‌క్లియర్, 190 ప్రూఫ్ అంటే 95 శాతం, 151 ప్రూఫ్ అంటే 75.5 శాతం. కొన్ని రాష్ట్రాల్లో 190 ది అమ్మరు, కాలిఫోర్నియాలో అయితే 120 ప్రూఫ్ సీసా, అంటే 60 శాతానిదే దొరుకుతుంది, దానితో కూడా చాలా బాగా వస్తుంది. ఏదీ లేకపోతే వోడ్కా. మన దగ్గర అమ్మే వోడ్కా ఎక్కువగా 42.8 శాతం ఉంటుంది. వోడ్కాతో చేసింది తాగడానికి హాయిగానే ఉంటుంది గానీ నూనె అంతా దిగదు, వాసన కొంచెం తగ్గుతుంది, పాలలాంటి మబ్బుతనం కూడా సరిగ్గా రాదు. ఆ తేడా ముందే తెలిసి మొదలుపెడితే నిరాశ ఉండదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇండియాలో ఉన్నవాళ్లు ఘాటైన స్పిరిట్ దొరకట్లేదని ల్యాబ్ స్పిరిట్, రంగుల షాపులో దొరికే స్పిరిట్, సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ లాంటివాటి జోలికి పోవద్దు. వాటిలో తాగకూడదనే ఉద్దేశంతో మిథనాల్ లాంటివి కలుపుతారు. మిథనాల్ కొద్దిగా ఒంట్లోకి వెళ్లినా చూపు పోతుంది, ప్రాణమే పోతుంది. వడకట్టినా, మరగబెట్టినా అది విడిపోదు. అలాగే ఇంట్లో బట్టీ పెట్టి కాయడం ఇక్కడా నేరమే, అమెరికాలోనూ నేరమే. మనం చేసేది కాయడం కాదు, షాపులో సీల్ వేసి అమ్మిన మద్యంలో తొక్క ఊరబెట్టడం. సీల్ ఉన్న వోడ్కా ఒక్కటే దారి అయితే అదే చాలు.

నానబెట్టడానికి వెడల్పు మూతి ఉన్న గాజు జాడీ కావాలి, మన ఆవకాయ పెట్టుకునేలాంటిది, కానీ ఆవకాయ పెట్టినది మాత్రం కాదు, ఎంత కడిగినా ఇంగువ, ఆవ వాసన దిగుతుంది. ప్లాస్టిక్ వద్దు, నిమ్మనూనె దాన్ని పాడుచేస్తుంది. 1 లీటరు 95 శాతం స్పిరిట్‌కి 12 పెద్ద నిమ్మకాయల తొక్క, 750 మిల్లీలీటర్ల వోడ్కాకి 8 కాయల తొక్క వేయండి. తొక్కలన్నీ మునగాలి. మూత బిగించి వెలుతురు తగలని అలమరలో పెట్టండి, రోజుకోసారి జాడీని మెల్లగా అటూ ఇటూ తిప్పితే చాలు. 95 శాతం స్పిరిట్‌కి మామూలు గది వేడిలోనే మంట అంటుకుంటుంది, కాబట్టి పోసేటప్పుడూ వడకట్టేటప్పుడూ పొయ్యి ఆపేసి ఉండాలి, దేవుడి గూట్లో దీపం అదే గదిలో వెలుగుతుంటే ఆ పని ఇంకో గదిలో పెట్టుకోండి.

ఎన్ని రోజులు? నెల అనేవాళ్లు, 80 రోజులు అనేవాళ్లు కూడా ఉన్నారు. 95 శాతంలో అయితే నూనె చాలావరకు మొదటి రోజుల్లోనే దిగిపోతుంది, వారం నుంచి 10 రోజులు చాలు. 60, 75 శాతంవాటికి రెండు వారాలు, వోడ్కాకి 3 నుంచి 4 వారాలు. క్యాలెండర్ కంటే తొక్కని చూడటం మేలు. ఒక ముక్క తీసి చూస్తే రంగంతా పోయి పాలిపోయి ఉండాలి. ఘాటైన స్పిరిట్‌లో అయితే అది వంచగానే అప్పడంలా పుటుక్కున విరగాలి. విరిగిందంటే ఇంక అందులోంచి రావలసింది ఏమీ లేదు, ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉంచినకొద్దీ చేదే దిగుతుంది.

అప్పుడు తొక్కలు వడకట్టేయాలి. పలుచని కాటన్ బట్ట కానీ కాఫీ ఫిల్టర్ కాగితం కానీ గరాటులో పెట్టి నెమ్మదిగా దిగనివ్వండి. చివర్లో ఆశకొద్దీ తొక్కల్ని పిండొద్దు, ఆ పిండిన నాలుగు చుక్కలతో మిగతాదంతా చేదెక్కుతుంది.

ఇప్పుడు పాకం. పాకం అనగానే తీగపాకమో, ముదురు పాకమో అనుకోకండి, పంచదార కరిగితే అయిపోయినట్టే. నీళ్లు వేడి చేసి, పంచదార వేసి, కరగగానే దించేసి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి పాకం పోస్తే వాసన ఆవిరిలో పోతుంది, ఆ ఆవిరి దగ్గర పొయ్యి వెలుగుతుంటే ప్రమాదం కూడా. బెల్లం, తేనె వద్దు, వాటి రుచి నిమ్మని మింగేస్తుంది. నీళ్లు ఆర్వో నీళ్లయితే మంచిది, ఉప్పు నీళ్లు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు వాడితే అడుగున మడ్డి పడుతుంది.

ఎన్ని నీళ్లు, ఎంత పంచదార అన్నది స్పిరిట్‌ని బట్టి మారుతుంది, ఎవరి కొలతలో పట్టుకుని చేస్తే ఇక్కడే దెబ్బతింటాం. షాపులో అమ్మే లిమోన్‌చెల్లో మామూలుగా 25 నుంచి 32 శాతం మధ్య ఉంటుంది. మనం 30 అనుకుందాం. లెక్క చాలా తేలిక. స్పిరిట్ ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని దాని శాతంతో గుణిస్తే అసలు ఆల్కహాల్ వస్తుంది, దాన్ని 0.30 తో భాగిస్తే చివరికి మొత్తం ఎంత కావాలో తెలుస్తుంది. ఆ మొత్తంలో లీటరుకి 250 గ్రాముల చొప్పున పంచదార. పంచదార కరిగాక 100 గ్రాములు సుమారు 62 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. మొత్తంలోంచి స్పిరిట్‌నీ పంచదార చోటునీ తీసేస్తే మిగిలినవి నీళ్లు. ఉదాహరణకి 750 మిల్లీలీటర్ల 60 శాతం స్పిరిట్ ఉంటే అసలు ఆల్కహాల్ 450, మొత్తం 1500 రావాలి, పంచదార 375 గ్రాములు, దాని చోటు 230, నీళ్లు 520 మిల్లీలీటర్లు. అంతే.

లెక్క వేసే ఓపిక లేనివాళ్లకి:
95 శాతం స్పిరిట్ 1 లీటరు: పంచదార 800 గ్రాములు, నీళ్లు 1.6 లీటర్లు.
75.5 శాతం స్పిరిట్ 750 మిల్లీలీటర్లు: పంచదార 470 గ్రాములు, నీళ్లు 850 మిల్లీలీటర్లు.
వోడ్కా 750 మిల్లీలీటర్లు: పంచదార 200 గ్రాములు, నీళ్లు 200 మిల్లీలీటర్లు. 42.8 శాతం వోడ్కా అయితే ఇది 30 కి దగ్గరగా, 40 శాతందైతే 28 దగ్గర తేలుతుంది.

చివర్లో కొలిచి చూస్తే అనుకున్నదానికంటే కొంచెం తక్కువ ఉంటుంది, కంగారుపడొద్దు. ఆల్కహాల్, నీళ్లు కలిసినప్పుడు రెండూ కలిపి కాస్త కుదించుకుపోతాయి, లీటరుకి లీటరు కలిపితే 2 లీటర్లు రాదు, 1.93 దగ్గర ఆగుతుంది.

చల్లారిన పాకాన్ని వడకట్టిన స్పిరిట్‌లోకి సన్నని ధారగా పోస్తూ కలపండి. అప్పటిదాకా తేటగా, బంగారు రంగులో ఉన్నది ఒక దశలో ఒక్కసారిగా పాలు కలిపినట్టు మబ్బుగా మారిపోతుంది. పాడైందేమోనని భయపడేవాళ్లు ఉన్నారు, నిజానికి అది చూసి సంబరపడాలి. ఎక్కువ ఆల్కహాల్‌లో హాయిగా కరిగి ఉన్న నిమ్మనూనె, నీళ్లు పెరగగానే ఇక కరిగి ఉండలేక కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విడిపోతుంది, వాటి మీద వెలుతురు పడి చెదిరితే మనకి తెల్లగా కనిపిస్తుంది. గ్రీకులు తాగే ఊజో అనే మద్యంలో నీళ్లు పోస్తే తెల్లబడేది కూడా ఇందుకే. అంటే ఎంత మబ్బుగా ఉంటే అంత నూనె దిగినట్టు. మొదట చెప్పానే, తొక్క సరిగ్గా ఒలవడం, మంచి కాయ ఎంచుకోవడం, ఆ కష్టమంతా ఫలించిందో లేదో ఇక్కడ తెలిసిపోతుంది. వోడ్కాతో చేస్తే ఇంత స్పష్టంగా రాదు, తేటగా ఉండిపోయినా తప్పు జరిగినట్టు కాదు.

కలిపిన వెంటనే తాగితే స్పిరిట్ మంట, తీపి వేర్వేరుగా తగులుతాయి. సీసాల్లో పోసి కనీసం రెండు వారాలు చీకట్లో ఉంచండి, నెల ఉంచగలిగితే ఇంకా మంచిది, మంట తగ్గి రెండూ కలిసిపోతాయి. తర్వాత ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. 30 శాతం దగ్గర ఉండి ఇంత పంచదార ఉంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర కూడా గడ్డకట్టదు, తేనెలా చిక్కబడుతుంది. మీది ఐసు పలుకులు పట్టిందంటే నీళ్లు ఎక్కువైనట్టు, కొంచెం వోడ్కా కలిపితే సర్దుకుంటుంది. సీసా మెడ దగ్గర పసుపు నూనె వలయంలా తేలితే నూనె మరీ ఎక్కువైంది లేదా ఆల్కహాల్ మరీ తగ్గింది, దానికి కూడా కాస్త ఘాటైన స్పిరిట్ కలిపి ఊపితే చాలావరకు కలిసిపోతుంది. తీపి ఎక్కువైతే స్పిరిట్, నీళ్లు సగం సగం కలిపి కొద్దికొద్దిగా పోస్తూ రుచి చూసుకోండి. చేదుకి మాత్రం మందు లేదు. పంచదార ఎంత పోసినా చేదు వెనకాల నుంచి వస్తూనే ఉంటుంది.

సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు, తేదీ రాసి అంటించండి. ఫ్రీజర్‌లో పసుపుగా, తియ్యగా ఉండే సీసా కనిపిస్తే పిల్లలే కాదు, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు కూడా నిమ్మ షర్బత్ అనుకుని గ్లాసులో పోసుకునే ప్రమాదం ఉంది. పిల్లలకి అందని పై అరలో పెట్టండి. తాగేటప్పుడు కూడా ఇది 30 శాతం అని గుర్తుండాలి, తీపి వల్ల ఘాటు తెలియదు, తిన్నాక 30 నుంచి 40 మిల్లీలీటర్ల చిన్న గ్లాసుతో ఆపడం ఇటలీవాళ్ల పద్ధతి, అది మంచి పద్ధతి. వెలుతురు, వేడి తగలకుండా ఉంచితే ఏడాదిపాటు బాగుంటుంది, ఆ తర్వాత పాడవదు గానీ వాసన మొద్దుబారుతుంది.

మన దగ్గర ఏ కాయలతో చేయాలనే ప్రశ్న వస్తుంది. గూడూరు నుంచో నకిరేకల్ నుంచో వచ్చే మామూలు నిమ్మకాయ ఇటలీ నిమ్మ కాదు, చిన్నది, తొక్క కాగితమంత పలచగా ఉంటుంది, పీలర్‌తో తీస్తే తెల్లపొరతో సహా వస్తుంది. దానితో చేయాలంటే తురుము పీటే దారి, వాసన కూడా వేరేగా, ఘాటుగా ఉంటుంది. గజనిమ్మ దొరికితే అది దీనికి బాగా కుదురుతుంది, తొక్క మందం, వాసన బాగుంటుంది. దబ్బకాయ తొక్కకి కూడా మంచి వాసన ఉంది, తెల్లపొర మరీ మందం కాబట్టి చాలా పైపైనే గీయాలి. చలికాలంలో వచ్చే నాగపూర్ కమలాలతో అయితే ఇంకా తేలిక. ఇటలీలోనూ కమలా తొక్కతో ఇలాగే చేసే రకం ఉంది, మాండరినెత్తో అంటారు, నారింజతో చేస్తే అరాంచెల్లో. కమలా తొక్క చేత్తో ఒలిచి, లోపలి తెలుపు చెంచాతో గీకేస్తే సరిపోతుంది. నల్గొండ, అనంతపురం బత్తాయి తొక్క ఒక్కటే వేస్తే కొంచెం చప్పగా అనిపిస్తుంది, నాలుగు నిమ్మకాయల తొక్క కలిపితే నిలబడుతుంది.

తొక్క ఒలిచేసిన కాయలు అలా వదిలేస్తే రెండు రోజుల్లో ఎండి గట్టిపడిపోతాయి. అదే రోజు పిండి, గింజలు తీసేసి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకుని కవర్లో వేసి దాచుకోండి. పులిహోరకీ, చారుకీ, పొద్దున్నే షర్బత్‌కీ ఒక్కో ముక్క తీసుకోవచ్చు. వడకట్టిన తొక్కల్ని మాత్రం ఒకరోజు ఆరుబయట ఆరనిచ్చి చెత్తలో వేయండి, స్పిరిట్ పీల్చుకుని ఉంటాయి కాబట్టి పొయ్యి పక్కనున్న చెత్తబుట్టలో పడేయకండి.